చచ్చినవాడు ఈదడు

"ఆ అంగీ మీద ఎవరైనా చెయ్యి వేశారో, ఊరుకోను!"

బాల్కనీ తీగ మీద తాతయ్య బాప్తిస్మపు తెల్లంగీ ఎప్పుడో ఆరిపోయి, గాలికి చేతులూపుతోంది. మడతపెడదామని వెళ్లిన అమ్మ, అమ్మమ్మ కేకకి అక్కడే బిగుసుకుపోయింది.

"ఆరిపోయిందమ్మా. ఎండకి రంగు మారుతుంది."

"మారనీ. మడతపెట్టామంటే పని అయిపోయినట్టు. అయిందో లేదో తేలిందా ఇంకా?"

సోఫాలో పేపరు వెనకనుంచి ఒక దగ్గు వినిపించింది. మా ఇంట్లో ఆ దగ్గుకి 'నేనిక్కడే ఉన్నాను, నాకన్నీ వినిపిస్తున్నాయి' అని అర్థం.

"మునిగానా లేదా? తలతో సహా మునిగానా లేదా? ముందది చెప్పండి," అన్నాడు తాతయ్య, పేపరు దించకుండానే.

అమ్మమ్మ జవాబివ్వలేదు. ఆవిడ మాట్లాడకపోతే మా ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా పెద్దదవుతుంది.

మునిగిన మాట నిజమే. గొడవంతా ఆ మునగడంలోనే ఉంది.

తాతయ్య జీవితమంతా స్విమ్మింగ్ పూల్‌లో గడిచింది. ఊళ్లో సగం మందికి ఈత నేర్పాడు, మిగతా సగాన్ని మునిగిపోతుంటే బయటికి లాగాడు. వీధిలో అందరికీ ఆయన కోచ్ గారు. ప్రతి ఆదివారం అమ్మమ్మని స్కూటర్ మీద మందిరం దాకా దింపి, లోపలికి రాకుండా బయట స్కూటర్‌కి కాపలా ఉండేవాడు. ఎప్పుడైనా వచ్చి వెనక వరసలో కూర్చున్నా, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకి లేచి వెళ్లిపోయేవాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే అక్కడ చోటు. పెళ్లయినప్పట్నుంచీ అమ్మమ్మ ఆ రొట్టె ఒంటరిగానే తింటోంది.

"నా కొడుకు పాస్టరైతే వాడి చేత్తోనే తీసుకుంటాలే," అని ఒకప్పుడు వేళాకోళమాడాడట. ఆ కొడుకు, అంటే మా మావయ్య, నిజంగానే పాస్టరై కూర్చున్నాడు. పెద్ద పాస్టరు గారు ఈ మధ్యే రిటైరై, మందిరం మావయ్యకి అప్పగించారు. దాంతో నిన్న మందిరంలో వేదిక చెక్కలు తీసి, కింది తొట్టి నింపారు. మావయ్య ఇచ్చే మొదటి బాప్తిస్మం, సొంత తండ్రికి.

ఛాతీ లోతు నీళ్లల్లో మావయ్య, తాతయ్య మెడ వెనక ఒక చెయ్యి వేశాడు. "తండ్రి నామంలో, కుమారుని..." అన్నాడో లేదో, తాతయ్య మాయం.

నీళ్ల అడుగున తెల్లటిదేదో చేపలా ఒక చుట్టు తిరిగింది. మెట్ల దగ్గర తేలింది. మొహం తుడుచుకుంది. తుడుచుకుని, సంఘమంతా వినేలా, "మోకాళ్లు వంచాలిరా, నడుం బిగించకూడదు," అని పాస్టరు గారికి కోచింగ్ ఇచ్చింది.

సంఘమంతా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. మావయ్య ఒక్కడే ఖాళీ చేతులు చూసుకుంటూ నిలబడిపోయాడు.

*

కాలింగ్ బెల్ మోగింది. మావయ్య తల వంచుకుని వచ్చాడు. వెనకాలే టేపు పెద్దాయన.

ఈయన సంఘ పెద్ద, వృత్తికి టైలరు. కొలతల టేపు మెడలోంచి ప్రార్థనలో కూడా తియ్యడు. మా సంఘంలో బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పెద్దల్లో ఒకరు తొట్టి గట్టు మీద మోకరించి, గోరంత కూడా పొడిగా మిగలకుండా చూడాలి. అదే ఈయన పని. ఒకావిడ మోచెయ్యి తేలిందని రెండోసారి ముంచించిన ఘనుడు.

"వందనాలు కోచ్ గారూ."

"ఏం తడవలేదో చెప్పండి. చెవులా? మడమలా?"

"అన్నీ తడిశాయండీ. ఇంత బాగా తడిసిన మనిషిని నేనింతవరకూ చూళ్లేదు."

"మరింకేంటి?"

"ముంచిందెవరు?"

తాతయ్య మొదటిసారి పేపరు దించాడు.

"నేనైతే కాదు నాన్నా," అన్నాడు మావయ్య మెల్లగా. "నా చేతుల్లో నువ్వు లేవు."

నేను ఆగలేకపోయాను. కంపెనీలో నా ఉద్యోగం ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. ఇంట్లో అదే పని జీతం లేకుండా చేస్తుంటాను.

"రిజల్ట్ ఒకటే కదా పెద్దాయనా? మనిషి పొడిగా దిగాడు, తడిగా వచ్చాడు. మధ్యలో ఎవరి చెయ్యి ఉంటే ఏంటి?"

"అమ్మాయ్, నీ కొలతలు నువ్వు తీసుకున్నావా ఎప్పుడైనా?"

"లేదు."

"తీసుకోలేవు. టేపు పట్టుకుని చెయ్యెత్తగానే భుజం మారిపోద్ది. కొన్ని పనులకి రెండో మనిషి ఉండాల్సిందే."

"అయితే యేసు పక్కన సిలువ వేసిన దొంగ సంగతేంటి? ఏ తొట్టిలో మునిగాడు? వాడు పరలోకానికి వెళ్లాడా లేదా?"

"బాగా అడిగావే బుడగా!" అని తాతయ్య తొడ చరిచాడు. చిన్నప్పుడు నాకు ఈత నేర్పబోతే, నీళ్లల్లో బుడగలు ఊదడం దగ్గరే నా చదువు ఆగిపోయింది. పేరు మాత్రం మిగిలింది.

పెద్దాయన ఏమాత్రం తడుముకోలేదు. "వాడికి చేతులకీ కాళ్లకీ మేకులు కొట్టారమ్మా. దిగాలనుకున్నా దిగలేడు. మీ తాతయ్యకి ఎవరు కొట్టారు?"

"అదే నేనూ అంటున్నా," అన్నాడు తాతయ్య. "దిగలేనివాణ్ణి దేవుడు వదిలెయ్యలేదు. అంటే లెక్క మనసుది. మనసులో నమ్మాను. ఇంక నీళ్లెందుకసలు?"

అప్పుడు మాట్లాడింది అమ్మమ్మ. అరవలేదు. అరవకపోతేనే భయం.

"నేను నచ్చానని మనసులో అనుకుని మీ ఇంట్లో మీరు కూర్చోవాల్సింది. పదిమందినీ పిలిచి పెళ్లెందుకు చేసుకున్నారు?"

అమ్మమ్మ అక్కడితో ఆగలేదు.

"నీళ్లు కడుగుతాయని కాదండీ. సబ్బుతో పోని మురికి నీళ్లతో పోద్దా? అది పాతిపెట్టడం. పాత మనిషిని పాతిపెట్టి, కొత్తవాణ్ణి లేపడం. శవం తనంతట తనే గోతిలోకి దూకి, ఓ చుట్టు తిరిగి, లేచొచ్చి, పాతిపెట్టేవాడికి సలహాలిస్తుందా?"

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దాయన పైకప్పు వైపు చూశాడు.

"చచ్చినవాడు ఈదడండీ," అంది అమ్మమ్మ.



"సరే," అన్నాడు తాతయ్య చివరికి. "వచ్చే ఆదివారం బల్ల దగ్గర నాకు చోటుందా, లేదా? అదొక్కటి చెప్పండి."

అందరం మావయ్య వైపు చూశాం. మావయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు.

"పాస్టరు గారు మళ్లీ ముంచుతానంటే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు పెద్దాయన.

"మళ్లీనా?" మావయ్య మొహం సున్నం కొట్టినట్టయింది.

తాతయ్య కొడుకుని ఒక్క క్షణం చూశాడు. పేపరు మడిచాడు. లేచాడు.

"మళ్లీ లేదు, గిళ్లీ లేదు. తప్పు నాది. నేనే తొందరపడ్డా. సంఘంలో అలాగే చెప్పుకోండి."

మేకుకి వేలాడుతున్న విజిల్ మెడలో వేసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నేను నోరెళ్లబెట్టాను. మా తాతయ్య తప్పు నాదన్నాడు! అన్నంలో ఉప్పు తను రెండుసార్లు వేసినా, ఉప్పుదే తప్పనే మనిషి. ఇంత తేలిగ్గా ఒక తప్పు దొరికిందంటే అసలు తప్పు ఇంకోచోట ఉందని నా ఉద్యోగం నేర్పింది.

ఫ్లాస్కులో టీ పోసుకుని వెనకాలే బయల్దేరాను.

*

సాయంత్రం బ్యాచ్ ఇంకా రాలేదు. పూల్ ఖాళీగా ఉంది. నీలం టైల్స్, క్లోరిన్ వాసన, గోడకి ఆరేసిన టోపీలు. తాతయ్య ఈత నిక్కరులో గట్టు మీద కూర్చుని నీళ్లల్లో కాళ్లు ఆడిస్తున్నాడు.

"తాతయ్యా, తప్పు ఒప్పుకున్నావేంటి? జ్వరంగానీ వచ్చిందా?"

"టీ పొయ్యి."

పోశాను. తాగాడు. కప్పు పక్కన పెట్టి, "నా మెడ పట్టుకో," అన్నాడు.

"ఎందుకు?"

"పట్టుకో చెబుతా. మునిగిపోతున్నట్టు పట్టుకో."

రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆయన గడ్డం గుండెకి ఆనింది, భుజాలు కిందికి జారాయి. కళ్లు మూసి తెరిచేలోపు నా చేతుల్లో గాలి తప్ప ఏమీ లేదు.

"మునిగేవాడు మెడ పట్టుకుంటే పైకి లాగకూడదే. లాగితే ఇద్దరూ పోతారు. కిందికి పోవాలి. వాడికి కావాల్సింది పైకి రావడం. కిందికి పోయేవాణ్ణి వాడే వదిలేస్తాడు. ఆ తర్వాత వెనకనుంచి వచ్చి పట్టుకోవాలి. ఎన్నేళ్లు చేశానో ఆ పని! నిన్న నేను ఆలోచించి దూకలేదు. నా మెడే దూకింది."

నాకు మెల్లగా వెలిగింది.

"అంటే మావయ్య నీ మెడని..."

"మునిగేవాడు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు."



"వాడికి నీళ్లంటే భయమే బుడగా. చిన్నప్పట్నుంచీ. కోచ్ కొడుక్కి ఈత రాదని ఎవరికి చెప్పుకుంటాం? నేనూ వాడూ గుట్టుగా ఉంచాం. వాడి మొదటి బాప్తిస్మం. ఆ టేపాయన ముందు ఈ మాట అంటే వాడి పరువేం కాను? ముసలాడు తొందరపడ్డాడనుకుంటారు, అంతేగా."

"మరి ఆదివారం?"

"స్కూటర్ దగ్గర నిలబడటం నాకేమన్నా కొత్తా?"

కొత్త కాదు. కానీ అన్నాక నీళ్లల్లో ఆయన కాళ్లు ఆడటం మానేశాయి.

"నిలబడక్కర్లేదు నాన్నా."

ఉలిక్కిపడి తిరిగాం. షవర్ల గోడ పక్కన మావయ్య. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఉంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో.

"నీళ్లు ఛాతీ దాకా వచ్చేసరికి నాకింకేం కనిపించలేదు. నీ మెడొక్కటే కనిపించింది," అన్నాడు. "నిన్ను ముంచడానికి కాదు నాన్నా పట్టుకుంది. నేను మునక్కుండా పట్టుకున్నా."

తండ్రీ కొడుకులు ఒకర్నొకరు చూసుకున్నారు. ఏదైనా పెద్ద మాట వస్తుందేమోనని ఎదురుచూశాను.

తాతయ్య విజిల్ ఊదాడు.

"దిగు."

"ఇప్పుడా? బట్టలతోనా?"

"నిన్న అంగీతో దిగలేదూ? బుడగా, నువ్వు కూడా."

"నాకు ఈత రాదు!"

"అందుకే పనికొస్తావు. డమ్మీకి ఈత రాకూడదు."

*

మావయ్య ఒక షరతు పెట్టాడు. "ఇది ప్రాక్టీసు. 'తండ్రి నామంలో' అన్న మాటలు మాత్రం అనను. అంటే నిజంగానే అయిపోతుంది."

"అయితే ఒకటీ రెండూ మూడూ అను," అన్నాడు తాతయ్య.

మొదటిసారి ముంచినప్పుడు సగం పూల్ నా ముక్కులోకి వచ్చింది. రెండోసారి మావయ్యే జారాడు, ఇద్దరం మునిగాం, తాతయ్య గట్టు మీంచి వంగి చెరో చేత్తో ఇద్దర్నీ లేపాడు.

"మెడ కాదురా, మెడ కింద! అరచెయ్యి పరుపులా పెట్టు. నువ్వు పట్టుకుంటే అవతలివాడు బిగుసుకుంటాడు. పట్టుకోకు, మొయ్యి!"

"మొయ్యనా?"

"మొయ్యి. నీళ్లు సగం బరువు మోస్తాయి. నీ వాటా నువ్వు మొయ్యి చాలు."

ఆ తర్వాత వెనక్కి వాలినప్పుడు నా మెడ కింద ఒక అరచెయ్యి ఉంది, అంతే. బిగింపు లేదు. ఆకాశం వెనక్కి జరిగింది. చెవుల్లోకి నీళ్లొచ్చి లోకం చప్పుడు ఆగిపోయింది. నా ప్రాణం నా చేతిలో లేదు. దానికి భయం వెయ్యాలి. వెయ్యలేదు. ఎప్పట్నుంచో మోస్తున్న సంచి ఎవరో అడక్కుండా అందుకున్నట్టనిపించింది.

మళ్లీ వెలుగు.

"ఏమే, బానే ఉన్నావా? ఏదో ఒకటి అను," అన్నాడు మావయ్య, కంగారుగా.

నేను ఏమీ అనలేదు. నా చరిత్రలో అదే మొదటిసారి.

అప్పుడు తాతయ్య దిగాడు. ఇంతసేపూ మాకు పాఠాలు చెప్పిన పెద్దమనిషి, తన వంతు రాగానే కర్రలా బిగుసుకుపోయాడు. చెయ్యి మెడ కిందికి రావడం, గడ్డం గుండెకి ఆనడం, కాళ్లు తన్నుకోవడం. మళ్లీ అదే. ఇంకోసారీ అదే.

"చచ్చిపో నాన్నా!" అని అరిచాడు పాస్టరు గారు.

గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"నావల్ల కావట్లేదురా! చావడం నాకు నేర్పలేదెవరూ. బతికించడమే నేర్పారు."

"బతికించడం నీ పని కాదు ఇప్పుడు. చావడమొక్కటే నీ పని. లేపడం ఉంది చూడు, అది నా పని కూడా కాదు. నేను చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి, అంతే." మావయ్య గొంతులో వణుకు లేదు. తన ఛాతీ దాకా నీళ్లున్నాయన్న సంగతే మర్చిపోయినట్టున్నాడు. "ఉన్నాను నాన్నా. వాలు."

తాతయ్య కళ్లు మూసుకున్నాడు.

ముందు భుజాలు వదిలాయి. తర్వాత చేతులు. అన్నిటికన్నా చివర మెడ. ఎంతమంది ప్రాణాలు వేలాడిన మెడో అది, తల బరువంతా తీసుకెళ్లి కొడుకు అరచేతిలో పెట్టేసింది. విజిల్ నీళ్ల మీద తేలింది.

మావయ్య ఒకటీ రెండూ అనలేదు. తండ్రి నామంలో, కుమారుని నామంలో, పరిశుద్ధాత్మ నామంలో అని, ఒక్క అక్షరం తడబడకుండా, పూర్తిగా అన్నాడు.

తాతయ్య మునిగాడు. తన్నలేదు, తిరగలేదు. లేపితే లేచాడు. లేచి నిలబడి, ఊపిరి తీసుకుని, కొడుకు మొహంలోకి చూశాడు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

"అనేశానా?" మావయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అనేశావ్ మావయ్యా."

తాతయ్య విజిల్ నోట్లో పెట్టుకుని, పూల్ మొత్తం దద్దరిల్లేలా ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు.

*

ఇంటికొచ్చేసరికి టేపు పెద్దాయన ఇంకా కదల్లేదు. అమ్మమ్మా ఆయనా ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. ముగ్గురం గుమ్మంలో నిలబడి నేలంతా చెరువు చేశాం.

ముందు మావయ్య మాట్లాడాడు. "పెద్దాయనా, నాకు నీళ్లంటే భయం. నిన్న తప్పు నాన్నది కాదు."

"తెలుసు."

"తెలుసా?"

"గట్టు మీద మోకరించింది నేనే కదండీ. మీ కాళ్లు వణకడం నీళ్లల్లోంచి కనిపించింది. మీ నోటితో మీరు చెబుతారేమోనని ఇందాక మీతో వచ్చాను. చెప్పలేదు. అందుకే కూర్చున్నా."

మావయ్య మొత్తం చెప్పాడు. ఒకటీ రెండూ అనాల్సినచోట ఏం అనేశాడో కూడా చెప్పాడు. పెద్దాయన ముందుకి వంగాడు.

"మొత్తం మునిగారా?"

"విజిల్‌తో సహా."

"చూసిందెవరు?"

"నేను," అన్నాను.

"నీకు బాప్తిస్మం అయిందా అమ్మాయ్?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. "లేదండీ. డమ్మీగా మాత్రం చాలాసార్లు మునిగాను."

అమ్మమ్మ కప్పు కింద పెట్టింది. "దాన్ని చెప్పనివ్వండి. ఏం చూశావే?"

జోక్ ఒకటి నాలిక చివర దాకా వచ్చింది. కానీ బయటికొచ్చింది వేరే.

"తాతయ్య ఎప్పుడూ వేరేవాళ్లని నీళ్లల్లోంచి లాగేవాడు కదా. ఇవాళ ఆయన్ని ఇంకొకరు లేపారు. మధ్యలో కాసేపు... ఆయన ఏమీ చెయ్యలేదు. నిజంగా ఏమీ చెయ్యలేదు. లేచాక ఆయన మొహం మాత్రం నాకు కొత్తగా ఉంది. అంతే, నాకింతకన్నా చెప్పడం రాదు."

పెద్దాయన మెడలోంచి టేపు తీశాడు. నిజంగా తీసి, టీపాయ్ మీద పెట్టాడు.

"నాకు చాలు. ఆదివారం సంఘం ముందు నిలబడి ఇదే చెప్పు. వాళ్లకీ చాలుతుందనే అనుకుంటున్నా."

అమ్మమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఆదివారం మీరు లోపలికొస్తే స్కూటర్ ఎవరు చూస్తారు?"

"దానికి తాళం ఉంది," అన్నాడు తాతయ్య.

"ఇన్నేళ్లూ లేదా?"

"ఉంది."

అమ్మమ్మ నవ్వింది. నవ్వుతూ, కళ్లొత్తుకుంటూ బాల్కనీలోకి వెళ్లింది. ఆ తెల్లంగీ తీగ మీంచి తీసింది. ఇప్పుడు మడతపెడుతుందని అందరం చూస్తున్నాం.

పెట్టలేదు. దాన్ని పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"ఆయన తడిసొచ్చాడంటే అర్థముంది. నువ్వేంటే, ఇంత నిశ్శబ్దంగా తడిసొచ్చావు?"

అంగీ నా భుజాలకి ఆనించి చూసింది. ఎండ వాసన. అంచు నా పాదాల మీద పడింది.

"పొడుగైంది," అంది.

పెద్దాయన చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికెళ్లింది. అక్కడ టేపు లేదు. టీపాయ్ మీద ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"అడిగితేనే తీస్తానమ్మా కొలతలు. అడక్కుండా ఎవరివీ తియ్యను."

మావయ్య నా వైపు చూడట్లేదు. కావాలనే చూడట్లేదు. తాతయ్య ఒక్క సలహా కూడా ఇవ్వట్లేదు.

దొంగకి తొట్టి లేదుగా, ఆ మాటే మళ్లీ అందామని నోరు తెరిచాను. నోరింకా తెరుచుకునే ఉంది. ఈలోపు టీపాయ్ మీది టేపు పెద్దాయన చేతిలో ఉంది.

నేను ఆలోచించి అందించలేదు. నా చెయ్యే అందించేసింది.